జింబాబ్వేలో వాన కురిస్తే కలిగిరిలో ఎవరు తడుస్తారు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  వెనక వరసలో కూర్చున్న మా బ్యాచ్ వాళ్లకు ప్రత్యేక నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నా వాళ్లు వెనకే కూర్చున్నారు. ఇన్నేళ్లయినా పాత అలవాటు వదలని మనుషులు, అభినందించాల్సిందే.

కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "అన్నా, అంతర్జాతీయ వ్యవహారాలు, ప్రభుత్వ విధానాలు, వీటి మీద నువ్వు మాట్లాడాలి. జనం నిద్రపోకూడదు, నిరాశ పడకూడదు, భోజనాలు ఆలస్యం కాకూడదు" అన్నారు. ఈ మూడు షరతులనూ ఒకేసారి నెరవేర్చిన సభ ఐక్యరాజ్యసమితిలో కూడా జరిగి ఉంటుందని నేననుకోను. ప్రయత్నం చేస్తాను.

ఈ అంశం వింజమూరుకు కొత్తది కాదు. బస్టాండు దగ్గర టీ కొట్లలో ఒకే పేపరును నాలుగు ముక్కలు చేసుకుని నలుగురు చదివేవాళ్లు. సినిమా పేజీకి పోటీ, జిల్లా పేజీకి పోటీ. విదేశీ వార్తల పేజీ ఆఖరున వచ్చినవాడికి మిగిలేది. ఆ మిగిలినవాడే మనకు విదేశాంగ మంత్రి. 1991లో గల్ఫ్ యుద్ధం జరుగుతున్నప్పుడు ఒక పెద్దాయన బల్ల మీద టీ గ్లాసులు పేర్చి, ఇది కువైట్, ఇది బాగ్దాద్ అని యుద్ధ వ్యూహం వివరించేవాడు. ఆయన నెల్లూరు దాటి పోయిన మనిషి కాదు. ఇంతలో టీ కొట్టాయన వచ్చి బాగ్దాద్‌ను కడగడానికి తీసుకుపోయేవాడు. మేం నవ్వేవాళ్లం. ఇవాళ నేను మాట్లాడేది మాత్రం ఆ పెద్దాయన పక్షాన. పై దేశాల గొడవ మనకెందుకులే అన్నవాళ్ల కన్నా ఆయన చూపు సరైనది. పై దేశాల గొడవ మన ఊరికి రాని రోజు ఏదీ లేదు.

మన ఉదయగిరి దుర్గాన్నే తీసుకోండి. 1513లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి కొండ కింద కూర్చున్నాడు. పైన గజపతుల సైన్యం. దాదాపు ఏడాదిన్నర ముట్టడి. 1514లో కోట చేజిక్కింది. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి 1515లో గుడి కట్టించాడు. ఇది మనందరికీ తెలిసిన కథే. తెలియని సంగతి ఏమిటంటే, ఆ కాలంలో విజయనగరానికి మేలుజాతి గుర్రాలు అరేబియా, పర్షియా వైపు నుంచి ఓడల్లో వచ్చేవి. 1510లో గోవాను పట్టుకున్న పోర్చుగీసువాళ్లు ఆ వ్యాపారం మీద చెయ్యి వేశారు. అంటే ఉదయగిరి కొండ కింద ఏ గుర్రం నిలబడాలన్నది లిస్బన్ నుంచి వచ్చిన నావికుల చేతిలో కూడా ఉందన్నమాట. దిగుమతి విధానం మన మెట్టకు ఐదువందల ఏళ్ల కిందటే వచ్చింది.

ఇక పొగాకు దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఉంటాను, ఎందుకంటే ఈ హాల్లో సగం మంది చదువుల ఫీజులు బ్యారన్ పొగలోంచి వచ్చినవే.

పొగాకు బోర్డు 1975 చట్టంతో పుట్టింది, గుంటూరు కేంద్రంగా 1976లో పని మొదలుపెట్టింది. వేలం పద్ధతి మన రాష్ట్రానికి 1985లో వచ్చింది. మనకు దగ్గరున్నవి కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాలు. రైతు బేళ్లు తెచ్చి వరసగా పేరుస్తాడు. వ్యాపారులు ఆ వరస వెంట నడుస్తారు. ఒక్కో బేలు దగ్గర ఆగేది కొన్ని క్షణాలే. ఏడాది కష్టం, ఆకు కొట్టడం, కర్రకు అల్లడం, రాత్రంతా బ్యారన్ దగ్గర వేడి చూసుకుంటూ మేలుకోవడం, అన్నీ ఆ క్షణాల్లో తేలిపోతాయి. కొనేవాడు లేకపోతే 'నోబిడ్'. ఇంగ్లీషు రాని మా నాన్న తరం వాళ్లకు కూడా ఆ ఒక్క మాట స్పెల్లింగుతో సహా తెలుసు.

ఆ క్షణాల్లో వ్యాపారి బుర్రలో ఏముంటుంది? మన రైతు ముఖం ఉండదు. అక్కడ జింబాబ్వే ఉంటుంది, బ్రెజిల్ ఉంటుంది, చైనా ఉంటుంది. ఒకప్పుడు సోవియట్ రష్యా ఉండేది. మన పొగాకుకు అప్పట్లో రష్యా పెద్ద కొనుగోలుదారు, రూపాయల్లోనే లెక్క. 1991 డిసెంబరులో ఆ దేశమే లేకుండా పోయింది. మాస్కోలో జెండా దిగింది, ఇక్కడ రేటు దిగింది. ఆ జెండా ఎందుకు దిగిందో చెప్పేవాడు అప్పుడు మనకు లేడు, టీ కొట్టు విదేశాంగ మంత్రి తప్ప.

తర్వాతి ముచ్చట ఇంకా విచిత్రం. నిల్వలు పేరుకుపోయి 2000-01 సీజన్‌లో మన రాష్ట్రంలో పంట విరామం ప్రకటించారు. వేయొద్దు, ఒక ఏడాది ఆగండి అన్నారు. సరిగ్గా ఆ 2000లోనే జింబాబ్వేలో భూముల స్వాధీనం మొదలైంది. ఆ ఏడాది 23 కోట్ల కిలోలకు పైగా పండించిన దేశం 2008 వచ్చేసరికి 5 కోట్ల కిలోల లోపుకు పడిపోయింది. వాళ్లు వదిలేసిన బజారులో మనకు చోటు దొరికింది. మళ్లీ వాళ్లు చిన్న రైతులతో పుంజుకున్నారు. 2023-24లో ఎల్‌నినో కరువు వాళ్లను కొట్టింది, 2024లో మన వేలం కేంద్రాల్లో ఎన్నడూ చూడని రేట్లు వచ్చాయి. రేటు చూసి అందరం విస్తీర్ణం పెంచాం. మరుసటి ఏడు అక్కడ వాన బాగా కురిసింది, రికార్డు పంట పండింది. 2025లో ఇక్కడ రేటు నేలచూపులు చూసింది.

అందుకే ఆ ప్రశ్నను ఈ ప్రసంగానికి పేరుగా పెట్టాను. మన రైతు పొద్దున లేచి ఆకాశం చూస్తాడు. తప్పు లేదు. కానీ ఆయన చూడాల్సిన ఆకాశం రెండుంది. ఒకటి వింజమూరు మీద, ఇంకొకటి హరారే మీద. మొదటిది చూడటానికి తల ఎత్తితే చాలు. రెండోది చూడటానికి చదువు కావాలి. ఆ చదువు మన దగ్గర ఉంది, ఈ హాల్లోనే ఉంది, కానీ అది అమెరికాలోనో బెంగుళూరులోనో కంప్యూటర్ ముందు కూర్చుని ఇంకెవరి ఆకాశమో చూస్తోంది. నన్ను కోప్పడకండి. నేనూ ఆ బాపతే.

ఇక్కడే చేదు మాట ఒకటి చెప్పాలి. పొగాకు మనుషుల్ని చంపుతుంది. దాన్ని మెత్తగా చెప్పే పద్ధతి లేదు. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలన్నింటితో పొగాకు నియంత్రణ ఒప్పందం చేయించింది, 2004లో మన దేశం సంతకానికి ఆమోదముద్ర వేసింది, 2005లో అమల్లోకి వచ్చింది. మంచి ఒప్పందం. అందులో 17వ అధికరణం అని ఒకటుంది. పొగాకు మీద బతికే రైతుకు, కూలీకి గిట్టుబాటయ్యే వేరే దారి చూపించడానికి దేశాలు సహకరించుకోవాలి అంటుంది. సిగరెట్ పెట్టె మీది బొమ్మ సంగతి అందరికీ తెలుసు, 17వ అధికరణం సంగతి ఎవరికీ తెలియదు. 2016 నవంబరులో ఆ ఒప్పందం మీద ప్రపంచ దేశాల సమావేశం మన దేశంలోనే, గ్రేటర్ నోయిడాలో జరిగింది. పొగాకు రైతులు అక్కడికి వెళ్లి బయట నిరసన తెలిపారు. లోపల వాళ్ల గురించి చర్చ, బయట వాళ్లు. పెళ్లికొడుకును గుమ్మం బయట నిలబెట్టి ముహూర్తం పెట్టినట్టుంది.

ఇలాంటి వార్తల్లో 'చర్చలు స్నేహపూర్వక వాతావరణంలో జరిగాయి' అని రాస్తారు. ఆ వాక్యం చూస్తే ఏమీ తేలలేదని అర్థం చేసుకోండి. మన ఊళ్లో గట్టు తగాదా పంచాయితీలు ఎప్పుడూ స్నేహపూర్వక వాతావరణంలో జరగవు. అయినా పొద్దుగూకేసరికి తేలిపోతాయి.

మరి ధైర్యం ఎక్కడుంది అంటారా? ఒక చిన్న పని చేయండి. మీ చొక్కా చెయ్యి పైకి మడవండి. యాభై దాటినవాళ్లలో చాలామందికి మశూచి టీకా మచ్చ ఉంటుంది. మన పిల్లలకు ఆ మచ్చ లేదు. ఎందుకు లేదు? 1958లో ప్రపంచ ఆరోగ్య సభలో సోవియట్ యూనియన్ ఈ రోగాన్ని భూమి మీదనే లేకుండా చేద్దాం అని ప్రతిపాదించింది. టీకా మందు కోట్ల మోతాదుల్లో ఉచితంగా ఇచ్చింది, మన దేశానికీ ఇచ్చింది. అమెరికా డబ్బిచ్చింది, డాక్టర్లను పంపింది. ఒకరి మీద ఒకరు అణుబాంబులు గురిపెట్టుకున్న కాలం అది. ఆ ఇద్దరూ కలిసి మన చేతి మీద సంతకం పెట్టారు. 1975లో మన దేశంలో ఆఖరి కేసు, 1977లో సోమాలియాలో ప్రపంచంలోనే ఆఖరి సహజ కేసు, 1980లో ఇక లేదన్న ప్రకటన. అమ్మోరికి మొక్కుకునే మన అమ్మమ్మలకు ఆ వార్త చేరిందో లేదో గానీ, అమ్మోరు మాత్రం మళ్లీ రాలేదు. ప్రపంచం ఏకం కాదు అన్నవాళ్లకు నేను ఈ మచ్చ చూపిస్తాను.

ఇప్పుడు అసలు కథ. ఇది బయటి నుంచి వచ్చి మన పక్క మండలంలో మొలకెత్తి, మళ్లీ బయటికి పోయిన కథ.

1990ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ అక్షరాస్యతా సంవత్సరంగా ప్రకటించింది. ఆ మార్చిలో థాయ్‌లాండ్‌లోని జోమ్‌టియన్ అనే చోట దేశాలన్నీ చేరి అందరికీ విద్య అని తీర్మానం చేశాయి. ఇలాంటి తీర్మానాలు విన్నప్పుడు మనకు ఆవలింత వస్తుంది, సహజం. మన దేశంలో 1988 నుంచే జాతీయ అక్షరాస్యతా మిషన్ ఉంది. 1990లో కేరళలో ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించింది. ఆ ఊపులో నెల్లూరు జిల్లా ముందుకొచ్చింది. 1991లో ఊరూరా రాత్రి బడులు. జీతం లేని వలంటీర్లు, లాంతరు, పలక, వాచకం.

ఆ వాచకం రాసినవాళ్లకు దండం పెట్టాలి. అందులో అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని ఊరుకోలేదు. సీతమ్మ కథ అని ఒక పాఠం పెట్టారు. సారాతో సంసారాలు కూలిన ఊళ్లో ఆడవాళ్లు తిరగబడిన కథ. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఆ పాఠం చదివారు. మనం పరీక్ష కోసం పాఠం చదివాం, మార్కులు తెచ్చుకున్నాం, మర్చిపోయాం. వాళ్లు పరీక్ష లేని చదువు చదివారు. అందుకని ఆ కథలో చేసిన పని మన ఊళ్లో ఎందుకు చెయ్యకూడదు అని అడిగారు. సారా బండిని అడ్డుకున్నారు, దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ గారి పేరు దూబగుంట రోశమ్మగా దేశమంతా తెలిసింది. ఆ తర్వాతి వాచకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అని దూబగుంట కథే పాఠమైంది. పాఠం చదివినవాళ్లే పాఠమైపోయారు! ఈ జిల్లాలో ఇంతమంది టీచర్లు ఉన్నారు కదా, మీ సర్వీసులో ఇలా జరిగిందా ఎప్పుడైనా? మా బ్యాచ్ సంగతి వదిలేయండి, మేం పాఠం కాదు, హెచ్చరిక.

వేలం పాట గురించి ఇందాక చెప్పాను. ఆ రోజుల్లో మన ప్రాంతంలో రెండు రకాల వేలాలు ఉండేవి. ఒకటి పొగాకుది, రైతు చేతులు కట్టుకుని నిలబడేది. రెండోది సారాది, కంట్రాక్టర్లు దర్జాగా పాడుకునేది. 1992లో జిల్లా ఆడవాళ్లు ఆ రెండో వేలాన్ని జరగనివ్వలేదు. వాయిదా మీద వాయిదా. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. 1994 డిసెంబరులో ఎన్.టి.రామారావు గారు ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే మద్య నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం. రెండేళ్లు దాటాక 1997లో ఎత్తేశారు.

ఎందుకు ఎత్తేశారు? అక్కడే ప్రభుత్వ విధానం అనే మాటకు అర్థం తెలుస్తుంది. ఎక్సైజు ఆదాయం 1970-71లో 39 కోట్లు, 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. అంటే ప్రభుత్వానికి సారా ఒక అలవాటుగా మారింది. తాగేవాడికి అలవాటు మాన్పించడం కష్టమే, కాని ఖజానాకు మాన్పించడం అంతకన్నా కష్టం. తాగేవాడికి ఇంట్లో ఆడమనిషి అడ్డం నిలబడింది. ఖజానాకు ఎవరు అడ్డం నిలబడాలి? పోయిన ఆదాయం ఏ పద్దు నుంచి వస్తుంది, సరిహద్దు దాటి వచ్చే సరుకును ఎవరు ఆపుతారు, ఈ ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోకుండా చేసిన మంచి పని ఎక్కువ కాలం నిలవదు. నిషేధం విఫలమైందని దూబగుంట ఆడవాళ్లను తక్కువ చేసేవాళ్లతో నేను ఒప్పుకోను. వాళ్ల పని వాళ్లు చేశారు. లెక్కలు వేయాల్సింది చదువుకున్నవాళ్లు.

అయినా కథ అక్కడ ఆగలేదు. సారా మానేస్తే మిగిలిన డబ్బు ఉంది కదా. రోజుకు ఒక రూపాయి చొప్పున ఆడవాళ్లు దాచుకోవడం మొదలుపెట్టారు. నెల్లూరు జిల్లా పొదుపు ఉద్యమం అలా పెరిగింది. 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో రాష్ట్రంలో వెలుగు ప్రాజెక్టు వచ్చేసరికి ఊళ్లలో సంఘాలు అప్పటికే ఉన్నాయి. వాషింగ్టన్ వాళ్లు వచ్చి పొదుపు నేర్పారనుకుంటే పొరపాటు. వాళ్లు వచ్చి చూసి, బాగుంది, మేం అప్పిస్తాం అన్నారు. 2006 మార్చిలో అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ హైదరాబాదు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వచ్చి పొదుపు సంఘాల మహిళలతో మాట్లాడాడు, అక్కడున్న గేదెను కూడా పరామర్శించాడు. ఇరాక్ విషయంలో ఆ గేదె సలహా అడిగి ఉంటే బాగుండేదని అప్పట్లో ఒక మిత్రుడు అన్నాడు. పేరు చెప్పను, వెనక వరసలోనే ఉన్నాడు.

2010లో దెబ్బ తగిలింది. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు ఒకే మనిషికి నాలుగు చోట్ల అప్పిచ్చి వారం వారం గుమ్మం ముందు కూర్చున్నాయి. ప్రాణాలు పోయాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అప్పటికి నాలుగేళ్ల కిందట సూక్ష్మరుణాలకే నోబెల్ శాంతి బహుమతి ఇచ్చిన ప్రపంచం, మన రాష్ట్రాన్ని చూసి మళ్లీ పుస్తకం తిరగేసింది. సొంత పొదుపు మీద నిలబడ్డ సంఘం వేరు, బయటి అప్పు మీద నిలబెట్టిన సంఘం వేరు అన్న తేడా ఆ రోజు తేలింది. 2011లో కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలుపెట్టినప్పుడు మన రాష్ట్ర అనుభవం దానికి పునాది అయింది. మన వైపు నుంచి సంఘాల మహిళలు బీహారు లాంటి రాష్ట్రాలకు వెళ్లి సంఘం ఎలా నడపాలో చూపించి వచ్చారు. హిందీ రాదు, చేతి సైగలతో, లెక్కల పుస్తకంతో. ఇవాళ దేశంలో దాదాపు 10 కోట్ల మంది మహిళలు అలాంటి సంఘాల్లో ఉన్నారు.

ఈ లెక్కన చూస్తే జోమ్‌టియన్ తీర్మానానికి, పాట్నా దగ్గర పల్లెలో పొదుపు పుస్తకానికి మధ్య దారిలో కలిగిరి మండలం ఉంది. పటంలో వెతికితే దొరకదు.

ఉదయగిరి చెక్క గరిటెల ముచ్చట కూడా ఒక్క మాట చెప్పి ముగిస్తాను. వాటికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు చట్టం 1999లో మన పార్లమెంటు చేసింది, ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వల్ల. కొండ చెక్క కోసి, రంపంతో, ఆకురాయితో పువ్వులు తీర్చే చేతికి జెనీవాలో రాసుకున్న కాగితం కాపలా కాస్తుంది. కనీసం కాయాలి. గుర్తింపు కాగితం గోడకు తగిలించుకుంటే కూలి పెరగదు. ఆ పేరుతో నకిలీ సరుకు అమ్మేవాడి మీద కేసు వేసేదెవరు, బయటి దేశాల్లో అమ్మిపెట్టేదెవరు? మన సంఘంలో న్యాయవాదులు ఉన్నారు, ఎగుమతి వ్యాపారులు ఉన్నారు. భోజనాల దగ్గర వాళ్లిద్దర్నీ పక్క పక్కన కూర్చోబెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాను.

వెలిగొండ నీళ్లు మనకెప్పుడొస్తాయి అని ముందు వరసలోంచి చీటీ వచ్చింది. అంతర్జాతీయ వ్యవహారాల వరకే మాట్లాడమన్నారు నన్ను. ఒక్కటి మాత్రం చెబుతాను. ఆ ప్రశ్న చీటీ మీద రాసి నాకు ఇస్తే ఉపయోగం లేదు. పనుల లెక్కలు అడిగి, ఏడాదికెంత సొరంగం తవ్వారు, ఎంత డబ్బిచ్చారు, మన వైపు కాలువకు ఎంత కేటాయించారు అని ప్రతి బడ్జెట్ రోజూ రాసిపెట్టే మనిషి ఒకరు కావాలి. అలాంటి మనిషిని తయారు చేయగలిగింది బడి ఒక్కటే.

అందుకే సంఘానికి నా ప్రతిపాదన చిన్నది. బడి గేటు పక్కన ఒక నల్లబోర్డు పెడదాం. వేలం జరిగే నెలల్లో రోజూ కలిగిరి రేటు, డి.సి.పల్లి రేటు తొమ్మిదో తరగతి పిల్లలు రాయాలి. దాని పక్కన హరారే రేటు, డాలరు రేటు. కింద, ఈ రెండూ ఇవాళ ఎందుకు పెరిగాయి లేదా తగ్గాయి అని రెండు వాక్యాలు. తప్పు రాసినా పరవాలేదు, మర్నాడు దిద్దుకుంటారు. బేళ్లు తోలుకుపోయే రైతు ట్రాక్టరు ఆపి చదివి, "ఏందమ్మాయ్, ఇది నిజమేనా" అని అడిగితే ఆ పిల్ల జవాబు చెప్పాలి. అమెరికాలో, బెంగుళూరులో ఉన్న మనవాళ్లు వారానికొకసారి ఫోన్‌లో ఆ పిల్లలకు దొరకాలి. బోర్డు ఖర్చు నాది. సుద్దముక్కలు సంఘం ఇవ్వాలి.